నోటీసు కింది పోస్టరు

"స్టే వచ్చిందండీ!"

ఫోన్‌లో లాయర్ సుమశ్రీ గొంతు వినగానే అమీర్‌పేట మెట్రో మెట్ల మీదే ఎగిరి గంతేశాను. "జర చూస్కో భాయ్!" అని వెనకాయన అరిచాడు. ఆయన్నే కావలించుకున్నాను.

రేపు పదింటికి వేలం కావలసింది మా ఇల్లు. కింద మేముంటాం, పైన అమ్మ నడిపే లేడీస్ హాస్టల్. లాక్‌డౌన్‌లో హాస్టల్ ఖాళీ అయినప్పుడు ఆగిన లోన్ కిస్తులు మళ్లీ గాడిన పడలేదు. వేలం సంగతి మాకు పేపర్లో చూస్తేనే తెలిసింది, ఇంకా పదకొండు రోజులుందనగా.

దగ్గర్లో లాయర్ కోసం ఫోన్‌లో వెతికితే మొదట తగిలినాయన విడాకుల స్పెషలిస్టు.

"పెళ్లెప్పుడైంది?"

"కాలేదు సార్."

"మరేం తొందర? అయినంక రా."

రెండో పేరు సుమశ్రీ. బ్యాంకు వేలాల కేసులు చూస్తుంది. పంజాగుట్టలో స్వీట్ షాపు మీద మూడో అంతస్తు.

"నోటీసేదండీ?"

"మా దగ్గర లేదు మేడం. గేటు పక్క గోడకు అంటించిన్రట."

"అయితే గోడ తీసుకురండి."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. లోపల నవ్వుకున్నానని తర్వాత, మా ఆవిడయ్యాక చెప్పింది. అప్పుడు మాత్రం హెల్మెట్ తీసుకుని లేచింది.

అమీర్‌పేటలో గోడ ఎవరిదైనా పోస్టర్లు కోచింగ్ సెంటర్లవే. పొద్దున జావా, సాయంత్రానికి దాని మీద పైథాన్. మేం వెళ్లేసరికి సన్నగా వాన మొదలైంది. గొడుగు పట్టాను.

"నాకూ వద్దండీ, గోడకీ వద్దు. తడిస్తే జిగురు మెత్తబడుతుంది."

ఇద్దరం తడిశాం. స్టీలు స్కేలుతో ఒక్కో పొర గీకింది. మూడో పొర కింద నోటీసు దొరికింది. రెండో తారీఖున అంటించామని బ్యాంకువాళ్లు రాసుకున్నారు.

"వేలానికి ముప్పై రోజుల ముందు ఇవ్వాలి. లెక్క సరిపోయిందండీ," అంది. అంటే మాకు కేసు లేనట్టే.

ఆమె స్కేలు ఆగలేదు. నోటీసు అంచు లేపితే కింద ఇంకో పోస్టరు: 'ఈ నెల పన్నెండున ఉద్యోగాలు సాధించిన మా విద్యార్థులకు అభినందనలు!'

"పన్నెండున వచ్చిన ఉద్యోగాలకు రెండో తారీఖునే అభినందనలు చెప్తారాండీ?"

చెంప మీద జావా ముక్క అంటుకుని ఉండగా మొదటిసారి నవ్వింది. నా కేసు అక్కడే ఓడిపోయాను.

"మేడం, కాఫీ?"

"క్లయింట్ల దగ్గర ఫీజు తప్ప ఏమీ తీసుకోనండీ."

మెట్రో మెట్ల మీద ఫోన్‌లో ఆమే అంది, "ఆ పోస్టరు ఫొటో చూసి ట్రిబ్యునల్లో అందరూ నవ్వారు. కిస్తులకు మూడు నెలల టైమిచ్చారు. కట్టాలి మరి."

"కడతం మేడం. మరి కాఫీ...?"

"స్పీకర్లో ఉన్నారు. కేసుకు వచ్చిన మీ అమ్మగారు పక్కనే ఉన్నారండీ."

"ఏందిరా కాఫీ?" అమ్మ గొంతు. "గా గోడ గీకిన కాన్నుంచి సరిగ్గ అన్నం తింటలేవు. నాకు తెల్వదా? పిల్లను అడిగిన."

"ఏమన్నరు?"

"అబ్జెక్షన్ లేదన్నానండీ," అంది సుమశ్రీ, మెల్లగా.

"వాళ్లమ్మతోని సుత మాట్లాడిన," అంది అమ్మ. "రేపు పదింటికి వాళ్లింటికి పోతున్నం. వేలం టైమ్ ఎట్లా ఖాళీనే గద!"