పగడాలపేటకు బొట్టు

ఆ పొద్దుటి వంతులో, ఊరి ద్వారం కాసే వరహాలు అప్పటికే ఎన్ని ఊళ్ళకు బొట్టు పెట్టిందో. సముద్రం అడుగున ఉన్న గవ్వలదిబ్బ ఊరి గాజుకప్పు మీద చేపల మందలు మబ్బుల్లా కదులుతున్నాయి. కింద ద్వారశాలలో, మేం రావచ్చా అని అడిగే ముందుకబుర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడుతున్నాయి. ఏ ఊరు, ఎవరు, వచ్చి ఏం చేస్తారు, ఈ మూడూ అడగనిదే, దూరాన ఉన్నవాళ్ళ గొంతునూ చూపునూ అప్పటికప్పుడు మోసే జీవధారలోకి ఎవరినీ వదలకూడదు. సంబంధానికి వచ్చినవాళ్ళను పెద్దలు అడిగినట్టే అనుకోండి. తెలిసిన ఊరైతే ఆ పేరు మీద బొట్టు వెలుగుతుంది. ఆ ఊరివాళ్ళు ఇక్కడివాళ్ళతో ఎదురెదురుగా కూర్చున్నట్టే మాట్లాడుకుంటారు. తెలియని ఊరైతే తలుపు కదలదు. దానికి కోపమూ లేదు, జాలీ లేదు.

ఆ రోజు సంపెంగి బిడ్డను ఉయ్యాలలో వేస్తున్నారు. తొలి జోల అమ్మమ్మ పాడాలి, అది విన్నాకే ఉయ్యాల ఊపాలి. ముందే పాడి దాచిన నిల్వపాట పనికిరాదు. బిడ్డ ఏడిస్తే పాట ఆగాలి, నవ్వితే సాగాలి. ఆ అమ్మమ్మ, నూకాలు, ఉండేదేమో పగడాలపేటలో. నాచుతోటల గట్టు కాడ రెండు ఊళ్ళకూ మాటామాటా పెరిగి, నడుమ సొరంగం మూసేశారు. పగడాలపేట పేరు ద్వారం మీద రాసినవాళ్ళకు కొలువుండదని ఊరిపెద్ద పోలినాయుడు కట్టడి చేశాడు.

"పిన్నీ, మాయమ్మ వస్తాదా?" ఉయ్యాల గదిలోంచి సంపెంగి గొంతు.

"వస్తాదిలే. నువ్వు ముందు ఆ పులగం తిను."

వరహాలు ఒక ఉపాయం పన్నింది. పేరు రాస్తేగా తప్పు. ఉయ్యాల గదికి 'ఎవరైనా' అని పెట్టింది. తుఫాను కబురు చాటేటప్పుడు పెట్టేది అదే. తలుపు బార్లా తెరుచుకుంది. పగడాలపేట వైపు నుంచి ఎవరో చూస్తున్నట్టు దీపం వెలిగింది. పాట మాత్రం రాలేదు. 'ఎవరైనా' అన్న తలుపులోంచి మనిషి పేరు దాటదు, పేరు దాటనిదే గొంతు దాటదు. చూసినవాళ్ళు చూసి పోవాల్సిందే. ఇన్నేళ్ళ కొలువులో ఆమెకు తెలియని సంగతేమీ కాదు, ఆత్రంలో మరిచింది.

అంతలో నూకాలు ముందుకబురు వచ్చింది. 'ఏం చేస్తారు' అన్న చోట ఒక్క మాట రాస్తే చాలు. ఆవిడ ఇంత పొడుగున రాసి అక్కడే కాపురం పెట్టేసింది.

"ఒలే వరహాలూ, దండోరా యేస్తే వచ్చీడానికి నానేటి దారినపోయేదాన్నా? అమ్మమ్మని. బొట్టెట్టి, పేరెట్టి పిలు. నేకపోతే ఆ పోలినాయుడినే జోల పాడమను. పిల్ల జడుసుకుంటే నాకు తెలీదు."

వరహాలు పకపకా నవ్వింది. నవ్వు ఆగాక ఆలోచించింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? వీధిలో నిలబడి అందరూ రండి అంటే, అభిమానం గలది ఏ పేరంటానికైనా గడప దాటుతుందా? అక్కడ ఉయ్యాల ఊగకుండానే బిడ్డ రాగం అందుకుంది. ఈ కొలువు తప్ప వరహాలుకు వేరే ఆధారం లేదు. అయినా 'ఎవరైనా' తుడిచేసింది. ఆ చోట పగడాలపేట అని నిండుగా రాసి, పేర్లతో సహా రావచ్చని ఒప్పుదల పెట్టింది.

బొంగురుగా, శ్రుతికి అటూ ఇటూగా, నూకాలు గొంతు గదంతా నిండింది. బిడ్డ ఠక్కున ఏడుపు ఆపి, ఎవరీ గొంతు అన్నట్టు చూసింది. సంపెంగి ఉయ్యాల ఊపింది.

ఇక చూడండి, పగడాలపేట నుంచి ముందుకబుర్లు వరదై వచ్చి పడ్డాయి. పెత్తల్లులు, మేనత్తలు, వియ్యపురాళ్ళు, అందరూ ఇన్నాళ్ళూ గడప అవతలే కాచుకున్నట్టు. ద్వారం గణగణ మోగింది. ఆ మోతకు పోలినాయుడు రొప్పుతూ వచ్చాడు.

"ఎవరు రాశారా పేరు?"

"నానే, బాబూ."

"తీసీ. తీసీసి తాళాలు ఇక్కడెట్టు."

"తీసెస్తాను. ఈ ఒక్కటీ మీరే చదవండి."

ఊరు: పగడాలపేట. పేరు: సింహాచలం. ఏం చేస్తారు: మా తమ్ముడు పోలినాయుడు చిక్కిపోనాడేమో చూసి పోతాను.

పోలినాయుడు ఆ వరస రెండోసారి చదివాడు. గొంతు సవరించుకున్నాడు. భుజం మీద తువ్వాలు సర్ది, లోపలికి పీల్చిన బొజ్జను మళ్ళీ వదిలేశాడు.

"అలా చూస్తావేటి, వరహాలూ," అన్నాడు. "అక్కని గుమ్మంలో నిలబెడతావా?"