అత్తగారి మధ్యాహ్నం సినిమా

పి.గన్నవరంలో సాలమోను మాస్టారి ఇల్లు తెల్లారేది ఆయన భార్య పాపాయమ్మతోనే. మాస్టారికి వేడినీళ్ళు, ఆయన ప్రార్థన ముగించేసరికి కాఫీ, కొడుకు ఎబినేజర్ అమలాపురంలో బ్యాంకుకి బయల్దేరేలోగా టిఫినూ క్యారేజీ. ఏ ఒక్కటీ ఆలస్యమయ్యేది కాదు. ఆ రోజూ అంతే. పెసరట్టు తిరగేస్తూ ఆవిడ కోడలి వైపు వంగి మెల్లిగా అడిగింది.

"ఈవేళ ఏం సినిమా అమ్మాయ్?"

కోడలు జాయ్‌కి నవ్వొచ్చింది. ఆమె హైస్కూల్లో హిందీ టీచరు. వేసవి సెలవులిచ్చిన దగ్గర్నించీ మధ్యాహ్నం మాస్టారు కునుకు తీసే వేళకి అత్తాకోడళ్ళిద్దరూ హాల్లో టీవీ ముందు చేరుతున్నారు. పాపాయమ్మకి హిందీ ముక్క రాదు. జాయ్ పక్కన కూర్చుని ఒక్కో మాటా తెలుగులో చెబుతూ ఉంటుంది.

మొదటి రోజు ఆవిడ ఆశ్చర్యానికి అంతే లేదు. "ఈవిడ హీరోయినా? కొంగుతో చెయ్యి తుడుచుకుంటోంది, అచ్చం మన పక్కింటి వీరాయమ్మలా ఉందేంటి!"

"ఇప్పుడు హిందీలో ఇలాంటివాళ్ళ కథలే బాగా వస్తున్నాయండీ, అత్తయ్యగారూ. మన ఇళ్ళల్లో మనుషులే."

"మా రోజుల్లో హీరోయిన్ మంచుకొండల మీద పల్చటి చీరతో పరిగెత్తేదమ్మా. పాటంతా మాకు ఒకటే బెంగ, ఆ పిల్లకి జలుబు చెయ్యదా అని."

ఆ మధ్యాహ్నం చూసిన సినిమాలో ఉత్తరాదిన ఒక చిన్న ఊళ్ళో ఒక ఇల్లాలు. అందరికీ వండి పెడుతుంది, అందరి మందులూ వేళకి అందిస్తుంది. తన కడుపులో నొప్పి సంగతి మాత్రం ఎవరికీ చెప్పదు. చివరికి కూతురికి తెలిసిపోయి నిలదీస్తే, ఆవిడ పప్పు ఏరుతూనే తలెత్తకుండా ఏదో అంది.

"ఏమందమ్మా?" పాపాయమ్మ అడిగింది.

"చెబుదామనే అనుకున్నాను, వినడానికి ఎవరికి ఖాళీ ఉందని... అంటోందండీ."

"మళ్ళీ చెప్పు."

జాయ్ మళ్ళీ చెప్పింది. పాపాయమ్మ చటుక్కున లేచింది. "పాలు పొంగుతున్నాయేమో చూసొస్తాను." అప్పటికి పాలవాడింకా రాలేదు. జాయ్ సినిమాలో మునిగి ఉండి ఆ సంగతి పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున్న పొయ్యి వెలగలేదు. మాస్టారు ప్రార్థన ముగించి రెండుసార్లు పిలిచారు. పాపాయమ్మ పెరటి గుమ్మంలో, కొబ్బరిచెట్ల వైపు చూస్తూ కూర్చుని ఉంది.

"ఏమైంది? కాఫీ ఏదీ?"

"ఈవేళ నేను చెయ్యలేనండి."

"చెయ్యలేవా? జ్వరమా?"

"కాదండి."

జాయ్ గబగబా వంటింట్లోకి వెళ్ళబోయింది. "నేను పెడతానండీ, మావయ్యగారూ."

"నువ్వాగు." మాస్టారి గొంతు బళ్ళో గంటలా మోగింది. "నాకు తెలియదనుకున్నారా? రోజూ మధ్యాహ్నం నాకు ఆ డైలాగులు వినబడుతూనే ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన ఆడమనిషి ఉన్నట్టుండి గరిటె పక్కన పెట్టి, నాకంటూ ఏముందీ అని అడుగుతుంది. వెంటనే సంగీతం! ఆ పాఠం ఇక్కడా మొదలెట్టేవన్నమాట. బళ్ళో హిందీ చెప్పుకోమ్మా, నా ఇంట్లో కాదు."

జాయ్ కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి. రెండేళ్ళలో ఆయన ఆమెని ఒక్క మాటా అనలేదు. క్యారేజీ కోసం వచ్చిన ఎబినేజర్ గుమ్మంలో నిలబడిపోయి, "నాన్నగారూ, అదేం మాటండీ" అన్నాడు.

"ఆ పిల్లని ఏమీ అనకండి." పాపాయమ్మ లేచి నిలబడింది. చెయ్యి గోడకి ఆనించింది. "నాకు రొమ్ములో గడ్డ ఉందండి. క్రిస్మస్ ముందు నించీ ఉంది. ఇప్పుడు పెద్దదైంది."

"క్రిస్మసా?" మాస్టారు అన్నారు. "ఇది మే నెల పాపాయమ్మా. నాకెందుకు చెప్పలేదు?"

"అప్పుడు మీ కంటి ఆపరేషనండి. తర్వాత ఈస్టరు ముందు శ్రమదినాల ప్రార్థన కూడికలు, రోజూ ఇంటినిండా జనం. తర్వాత అబ్బాయి ట్రాన్స్‌ఫర్ గొడవ. అవన్నీ అయ్యాక నాకే సిగ్గేసింది, ఇన్నాళ్ళూ దాచిపెట్టి ఇప్పుడెలా చెప్పడం అని. నిన్న ఆ సినిమాలో ఆవిడ నోట అదే మాట. ముక్కూమొహం తెలియని మనిషండి. నా కడుపులో మాట ఆవిడకెలా తెలిసిందని రాత్రంతా నిద్రపట్టలేదు. సినిమాలో ఆవిడ చెప్పేసరికి మించిపోయింది. నేను ఇంకా బతకాలనుకుంటున్నానండి."

జాయ్ వెళ్ళి అత్తగారిని రెండు చేతులా పట్టుకుంది. ఆ మాటని తెలుగులోకి మార్చింది తనే. పక్కనున్న మనిషి అదే మాట మళ్ళీ చెప్పమని అడుగుతుంటే తనకి వినబడలేదు.

మాస్టారు అక్కడే పెరటి మెట్టు మీద కూలబడ్డారు. "బళ్ళో ఎటెండెన్స్ వేస్తూ వేస్తూనే మొహం చూసి చెప్పేవాణ్ణి, ఎవడికి ఒళ్ళు వెచ్చబడిందో, ఎవడు అన్నం తినకుండా వచ్చేడో. ముప్ఫైనాలుగేళ్ళు..." కండువాతో మొహం కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. కాసేపటికి తలెత్తి కోడలి వైపు చూశారు. "తప్పుగా అన్నానమ్మా. మనసులో పెట్టుకోకు."

"అయ్యో, అలా అనకండీ."

"అబ్బాయ్, ఈవేళ బ్యాంకుకి సెలవు పెట్టు. కారు పిలిపించు. కాకినాడ వెళ్దాం."

ఆ మధ్యాహ్నమే పరీక్షలు చేశారు. రిపోర్టులు వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. చివరికి డాక్టరమ్మ అది క్యాన్సరేనని చెప్పింది. కానీ పక్కలకి పాకలేదనీ, ఆపరేషన్ చేసి కొన్నాళ్ళు మందులు వాడితే నయమవుతుందనీ, ఇంకో ఆరు నెలలు దాచి ఉంటే మాత్రం ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదనీ అంది. జాయ్ వరండాలోకొచ్చి తనివితీరా ఏడ్చింది.

ఆపరేషనైన నాలుగో రోజు పొద్దున్న ఆమె ఫ్లాస్కులో జావ పట్టుకుని వార్డుకి వెళ్ళేసరికి, అత్తగారు మంచం మీద కూర్చుని ఉంది. ఆవిడ కుడి చెయ్యి ఇంకా పైకి లేవడం లేదు. వెనకాల మాస్టారు నిలబడి, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో, ఆవిడ తల దువ్వుతున్నారు.

"ముందు మూడు పాయలు తియ్యండి."

"తీసేనే. నాలుగొచ్చేయి."

పాపాయమ్మకి నవ్వాగలేదు. పక్క మంచం మీదావిడ కూడా నవ్వేసింది. మాస్టారు మళ్ళీ మొదలుపెట్టారు. చిక్కు తగిలినప్పుడల్లా దువ్వెన ఆగిపోతోంది.

జాయ్ లోపలికి వెళ్ళకుండా గుమ్మంలోనే ఆగింది.

"ఫరవాలేదు, గట్టిగానే లాగండి," అంటోంది పాపాయమ్మ. "నొప్పెడితే చెబుతాను."