ఇంగ్గీ అంటే అవునేనా?

"అయ్యో, దాటకండి సార్!"

పార్లిన్ ఎత్తిన కాలు గాల్లోనే ఆగిపోయింది. కింద కంచు వాయిద్యాలు వరుసగా పరిచి ఉన్నాయి. ఎదురుగా సంగీతం నేర్పే వెనింగ్, చేతిలో వాయించే కర్రతో.

"వాటి చుట్టూ తిరిగి రావాలి. మా జావాలో, ఈ సోలో ఊళ్ళో వాయిద్యాలంటే పెద్దవాళ్ళతో సమానం. మీరు పెద్దవాళ్ళని కూడా దాటేస్తారా?"

ఆ రోజు నుంచి పార్లిన్ వాయిద్యాల చుట్టూ, ఆ వంకతో వెనింగ్ చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

అతను విదేశాంగ శాఖలో చిన్న ఆఫీసరు. ఈ సంగీత పాఠాల ఆలోచన అతనిదే. రాయబారుల ఉపన్యాసాలు ఎవరూ వినరు. పరాయి దేశాల కుర్రాళ్ళని తెచ్చి మన ఇళ్ళలో ఉంచి, మన సంగీతం నేర్పి, మన వంట తినిపిస్తే, తిరిగెళ్ళి మన గురించి వాళ్ళే చెబుతారు. "వాళ్ళు మన దేశంతో ప్రేమలో పడాలి సార్!" అని జకార్తాలో బల్ల గుద్ది చెప్పాడు. పై వాళ్ళు మురిసిపోయారు.

దేశంతో ప్రేమలో పడమన్నాడు గానీ, పాఠం చెప్పే పిల్లతో పడమన్నాడా?

బాలింట్ అనే ఆ హంగేరీ కుర్రాడు ఆరడుగుల పొడుగు, పైగా బుగ్గన సొట్ట. లయ తప్పినప్పుడల్లా వెనింగ్ అతని మణికట్టు పట్టుకుని సరిదిద్దేది. వాడికి రోజూ లయ తప్పేది! పార్లిన్‌కి ఒళ్ళు మండిపోయేది.

"నాకూ లయ రావట్లేదండీ," అన్నాడొకరోజు.

"మీరు నేర్చుకోవట్లేదు కదా సార్?"



ఒక సాయంత్రం జోరున వాన. మండపంలో అందరూ అరటిపండు బజ్జీలు తింటున్నారు. బాలింట్ లేచి నిలబడి, అందరి ముందే అడిగేశాడు.

"వెనింగ్, నాతో బుడాపెస్ట్ వచ్చెయ్. అక్కడే ఉండిపోదాం, ఇద్దరం కలిసి ఇదే నేర్పుదాం."

వెనింగ్ తల వంచి చిన్నగా నవ్వింది. "ఇంగ్గీ," అంది.

ఇంగ్గీ అంటే జావా భాషలో అవును. వేరే దీవిలో, తోబా సరస్సు దగ్గర పుట్టిన బతక్ జాతి పార్లిన్‌కి జావా భాష రాకపోయినా ఆ ముక్క తెలుసు. బజ్జీ గొంతులో అడ్డం పడింది.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. అమ్మ.

"తిన్నావా?"

"ఓలో, ఇనాంగ్!" తన బతక్ భాషలో అవునమ్మా అని అరిచాడు. అతను ఫోన్‌లో మాట్లాడితే వీధి చివరికి వినబడుతుంది.

"పిల్ల దొరికిందా?"

"దొరికిందమ్మా. హంగేరీకి పోతోంది."

మర్నాడు కచేరీలో ఎవరెక్కడ కూర్చోవాలో నిర్ణయించేది పార్లినే. బాలింట్‌ని తీసుకెళ్ళి అందరికన్నా వెనక, పెద్ద గంట దగ్గర కూర్చోబెట్టాడు. ఎప్పుడో ఒక్కసారి కొట్టాలి, మిగతా సేపంతా ఊరికే కూర్చోవాలి. ఉడుక్కుంటూ చావనీ అనుకున్నాడు.

బాలింట్ కళ్ళు చెమ్మగిల్లాయి. పార్లిన్‌ని ఊపిరాడకుండా కౌగలించుకున్నాడు.

"ఎంత మంచి మనసండీ మీది!" అంది వెనింగ్. "ఆ పెద్ద గంటకి మేం పూలు పెట్టి దండం పెడతాం. దాని దగ్గర కూర్చోవడమంటే ఎంత గౌరవమో!"

పార్లిన్ పళ్ళు కొరుక్కుంటూనే నవ్వాడు.

కచేరీ చూడ్డానికి రావాల్సిన రాయబారుల కార్లు ఇంకా రాలేదు. వాన మళ్ళీ అందుకుంది. ఇక ఉండబట్టలేకపోయాడు.

"బుడాపెస్ట్‌లో చలి ఎక్కువట. మంచి స్వెట్టర్ కొనుక్కోండి."

"ఎవరికి?"

"మీకే! నిన్న అతనికి ఇంగ్గీ అన్నారుగా!"

వెనింగ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అందరి ముందూ అడిగాడు. కాదని ఎలా పరువు తీస్తాను? ఆ ఇంగ్గీకి అర్థం, మీ మాట విన్నాను అని. అంతే."

"పాపం, అతనికి ఆ సంగతి తెలియద్దా?"

"అప్పుడే తెలుసుకున్నాడు. 'సరే, ఇది కాదనే ఇంగ్గీ కదా' అని నవ్వేసి, ఇంకో బజ్జీ తిన్నాడు. మీరు పెట్టిన పాఠాలు బాగానే ఒంటబట్టాయి అతనికి. మీకే ఒంటబట్టలేదు."

పరాయి దేశం వాడికి అర్థమైంది, సొంత దేశంలో తనకి అర్థం కాలేదు. సిగ్గుతో పాటు ఎక్కడలేని సంతోషం ముంచుకొచ్చింది పార్లిన్‌కి.

"మా వైపు అవునంటే అవునే, కాదంటే కాదే. నాకు మెలికలు రావు వెనింగ్!" వాన హోరుకి గొంతు పెంచాడు. "మీరంటే నాకు ప్రాణం! నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

సరిగ్గా అప్పుడే వాన టక్కున ఆగింది. ఆఖరి మాట మండపమంతా మోగింది. పదిమంది విదేశీయులూ తలలు తిప్పి చూశారు. పెద్ద గంట వెనక నుంచి బాలింట్ కూడా మెడ సాచాడు.

వెనింగ్ తల వంచింది. "ఇంగ్గీ," అంది.

పార్లిన్ మొహం పాలిపోయింది. అందరి ముందూ అడిగేశాడు, తనూ!

"ఇది... ఇది ఏ ఇంగ్గీ అండీ?"

ఆమె రెండడుగులు దగ్గరికొచ్చింది, వాయిద్యాల చుట్టూ తిరిగే.

"ఓలో," అంది.

"మా మాట! ఎక్కడ నేర్చుకున్నారు?"

"మీరు మీ అమ్మగారితో ఫోన్‌లో మాట్లాడుతుంటే. మూణ్ణెల్లుగా మా వీధంతా నేర్చుకుంది."