తిరిగి అప్పజెప్పిన గొంతు

దెయ్యాలు చీకటి పడితేనే వస్తాయని ఎవరు కనిపెట్టారో గానీ, ఆ మహానుభావుడు మందుగుండు సొరంగంలో ఒక్క పూటైనా పనిచేసి ఉండడు. అక్కడ మిట్టమధ్యాహ్నానికీ అర్ధరాత్రికీ తేడా లేదు. దేవుణ్ణి మనసులో ఒక్కసారి తలుచుకోండి, చెబుతాను.

ఒక కొండ. దాని కడుపులో తొలిచిన సొరంగం. లోపల వరసగా గదులు, ఒకటి రెండు తప్ప గదుల నిండా ఫిరంగి గుళ్ల పెట్టెలు. తడి సిమెంటు వాసన, దానికి తోడు పెట్టెలకు పూసిన జిడ్డు వాసన. సొరంగానికి ఒక్కటే ఇనుప తలుపు, బయటి నుంచి చక్రం తిప్పితేనే తెరుచుకుంటుంది. తలుపు ఎదురుగా చిన్న గది. అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, రెండు ఫోన్లు. ఒకటి కల్నల్ ఆఫీసుకి, ఇంకొకటి సొరంగం లోపలికి.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక కెప్టెనూ, ముసలి హవల్దారూ టీ తాగుతున్నారు. కుర్రాళ్లంతా హవల్దారుని తాత అంటారు. కెప్టెన్ మాత్రం పక్కన ఎవరూ లేకపోతే బాబాయ్ అంటాడు.

"ఇంకో ఏడు నెలల్లో రిటైరవుతావు. ఆ తర్వాత ఎవరి ఆజ్ఞలు వింటావు బాబాయ్?"

"మా ఆవిడవి సార్. ఆవిడకి తిరిగి అప్పజెప్పే పని కూడా లేదు. నా మొహం చూస్తే తెలిసిపోతుంది."

ఆ తిరిగి అప్పజెప్పడం ఏమిటంటారా? ఫోనులో ఆజ్ఞ వస్తే, విన్న అధికారి దాన్ని పొల్లు పోకుండా మళ్లీ పలకాలి. పలికేదాకా అది ఉత్త మాట. పలికాక అది ఆజ్ఞ, ఇక బ్రహ్మదేవుడొచ్చినా ఆగదు.

టీ సగంలో ఉండగా లోపలి ఫోను మోగింది. సొరంగంలో పెట్టెలు సర్దుతున్న కుర్రాళ్లలో ఒకడు.

"సార్, రెండో గదిలో పొగ. మన పొట్టోడి కాలు పెట్టె కింద ఇరుక్కుంది. నలుగురం ఇక్కడే ఉన్నాం."

కెప్టెన్ వెంటనే కల్నల్‌కి చెప్పాడు. అవతలి గొంతు తొణకలేదు.

"తలుపు మూసెయ్యి. గాలి ఆడకపోతే మంట దానంతటదే చస్తుంది."

"లోపల నలుగురున్నారు సార్."

"బయట నాలుగు వందల మంది ఉన్నారు. తిరిగి చెప్పు."

"అది ఖాళీ పెట్టెల గది సార్. గుళ్లు అందులో లేవు. పది నిమిషాలివ్వండి, తీసుకొచ్చేస్తాను."

"తిరిగి చెప్పు, కెప్టెన్."

కెప్టెన్ నోరు తెరిచాడు. ఆజ్ఞ మాత్రం పలకలేదు. పద్నాలుగేళ్ల అలవాటు నాలుకను ముందుకు తోస్తోంది. లోపలి నలుగురు వెనక్కి లాగుతున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఫోను పెట్టెయ్యలేదు. బల్ల మీద మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టాడు. చేతిరుమాలు టీలో ముంచి ముక్కుకి కట్టుకున్నాడు.

"నేనొచ్చేదాకా తలుపు ముట్టుకోకు" అని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

లోపల దీపాలు పొగలో పసుపు ముద్దల్లా ఉన్నాయి. గోనెలు కాలిన వాసన గొంతులోకి దిగింది. దగ్గు వినిపించిన వైపు గోడ పట్టుకుని నడిచాడు. నలుగురూ దొరికారు, దేవుడి దయ. ఇద్దరు పెట్టె లేపారు, ఒకడు పొట్టోణ్ణి లాగాడు, కెప్టెన్ ఇసుక బకెట్లు కుమ్మరించాడు. అతను చెప్పిందే నిజం. అవి ఖాళీ పెట్టెలే. మంట చచ్చింది. పొగ మాత్రం ఉంది.

పొట్టోణ్ణి భుజాన వేసుకుని తలుపు దాకా వచ్చారు.

తలుపు మూసి ఉంది.

గుద్దారు. పిలిచారు. పిడికిళ్లకి ఇనుము చల్లగా తగలడం తప్ప ఏమీ లేదు. పక్కనే గోడకున్న ఫోను అందుకున్నాడు కెప్టెన్.

"బాబాయ్, తలుపెందుకు మూశావు?"

అవతల ఊపిరి.

"ఎవరూ?"

"నేను. కెప్టెన్ని."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత గుసగుస.

"సార్... మీరే కదా మూయమన్నారు."

"ఎప్పుడు?"

"వెళ్లిన నిమిషంలోనే వెనక్కొచ్చారు. ఫోను తీసుకుని కల్నల్ గారికి అప్పజెప్పారు. ఒక్క అక్షరం పొల్లు పోలేదు..." ముసలాయన గొంతు ఇంకా తగ్గించాడు. "మీరు నా పక్కనే కూర్చున్నారు సార్. టీ తాగుతున్నారు."

అప్పుడు వినిపించింది. ఫోనులో, కాస్త దూరంగా... కెప్టెన్ సొంత గొంతు. కోపం లేదు. తొందర లేదు.

"తెరవద్దు. ఇది నా ఆజ్ఞ."

పొట్టోడి దగ్గు పలచబడుతోంది. కెప్టెన్ ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాడు. ఏమని చెప్పాలి? నేనే అసలువాణ్ణి అనా? ఆ మాట అవతలివాడూ అనగలడు. తెరువు, ఇది ఆజ్ఞ అనా? ఆజ్ఞ అవతలే ఉంది, అచ్చం తన గొంతుతో.

"బాబాయ్," అన్నాడు చివరికి, "నేను ఆజ్ఞ ఇవ్వట్లేదు. అడుగుతున్నాను. వీళ్లకి ఊపిరాడట్లేదు. ఆ పైన నీ ఇష్టం."

ఫోను కట్టయింది.

ఒక్క క్షణం... రెండు... పది...

చక్రం కిర్రుమంది.

తలుపు జానెడు, మూరెడు తెరుచుకుంది. నలుగుర్నీ ముందు తోసి, కెప్టెన్ ఆఖర్న బయటికి అడుగేశాడు. పొగ సుడులు తిరుగుతోంది. ఎవరో ఎదురొచ్చారు. భుజం భుజానికి తగిలింది. నూతిలో రాయిలా చల్లగా ఉంది ఆ భుజం. కళ్లు మండుతుంటే ఎవరో ఏమిటో చూడకుండానే పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

వెనక తలుపు పడింది.

పొట్టోడు బతికాడు. నలుగురూ బతికారు. విచారణలో కల్నల్ ఒక్కటే అడిగాడు. "నీ నోటితో ఆజ్ఞ అప్పజెప్పి, మళ్లీ నువ్వే తలుపెందుకు తెరిపించావు?" ఉద్యోగం పోయింది. సొరంగం తలుపుకి అడ్డంగా గోడ కట్టించేశారు.

ఆసుపత్రి వరండాలో, ఎండలో, హవల్దారు వచ్చి పక్కన కూర్చున్నాడు. చేతిలో జపమాల తిప్పుతున్నాడు.

"నీ పక్కన కూర్చున్న ఆయన్ని కాదని ఎలా తెరిచావు బాబాయ్?"

"ఆయన ఆజ్ఞ ఇచ్చాడు సార్. మీరు అడిగారు. ముప్పై ఏళ్లలో నన్నెవరూ అడగలేదు." మళ్లీ రెండు పూసలు తిప్పాడు. "నేను చక్రం తిప్పుతుంటే ఆపలేదు సార్ ఆయన. లేచి, కప్పు బల్ల మీద పెట్టి, మీరు బయటికొస్తుంటే లోపలికి నడిచాడు. మీరే దారిచ్చారు. ఇద్దర్నీ పక్కపక్కన చూశాను. నేను ఒక్క మాట అడుగుతాను, కోప్పడొద్దు... బయటికొచ్చింది మీరేనా?"

"నేనే" అన్నాడు కెప్టెన్, వెంటనే.

అబద్ధం కాదు. కానీ అతనికి రెండూ గుర్తున్నాయి. పొగలో తలుపు గుద్దడం గుర్తుంది. కుర్చీలో కూర్చుని ఆ గుద్దులు వింటూ, టీలో చక్కెర తక్కువైందని అనుకోవడమూ గుర్తుంది. బయటికి రావడం గుర్తుంది. లోపలికి నడవడమూ గుర్తుంది.

ఇది జరిగి తొమ్మిది నెలలు. ఇప్పుడతను ఒక స్కూల్లో లెక్కలు చెబుతున్నాడు. పిల్లలకి అతనంటే ప్రాణం. మొన్న పొద్దున బోర్డు మీద లెక్క వేస్తూ వేస్తూ ఆగిపోయాడు. సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది.

ఏదో గుర్తొచ్చింది. అది తొమ్మిది నెలల కిందటిది కాదు.

ముందురోజు రాత్రిది.

గోడకి అవతల, సొరంగంలో కటిక చీకటి. తడి సిమెంటుకి ఆనిన అతని వీపు. అతను కదలలేదు. అయినా పక్కన ఎవరో మెల్లగా జరిగి... తనలాగే ఆజ్ఞ అప్పజెప్పి వచ్చిన ఇంకొకరు కూర్చోవడానికి చోటిచ్చారు.