రెండుసార్లు నొక్కితే

బాగుచేయించడమా, మార్చేయడమా? ఆ ఇంట్లో ఏడాదిగా ఇదే వాదన. పదహారేళ్ళ చిన్న తెల్ల కారు, ముగ్గురి చేతులు మారి చవగ్గా వచ్చింది. ఎడమ తలుపు లోపలి నుంచే తెరుచుకుంటుంది. వానొస్తే వెనక సీటు తడిసి ముక్కిన వాసనేస్తుంది. “ఈ డొక్కు మీద ఇంక పైసా పెట్టను, మార్చేద్దాం” అనేవాడు భర్త. “ఇంకో ఏడాది లాగుతుందిలే” అనేది ఆమె. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం ఆమెది. ఉదయం ఆరింటికల్లా అక్కడుండాలి. బండి కదిలితే చాలు.

మూడు నెలల కిందట మెకానిక్ ముఖం మీదే చెప్పాడు. “బ్రేకు సిలిండర్ కారుతోందమ్మా. వెంటనే మార్పించండి, ఆలస్యం చెయ్యకండి.”

ఎలాగూ అమ్మేసేదానికి ఖర్చెందుకని ఆమె ఊరుకుంది. పైగా ఒక కిటుకు దొరికింది. ఒకసారి నొక్కితే పెడల్ నేలకి ఆనుతుంది గానీ, వెంటనే రెండోసారి నొక్కితే బ్రేకు పడుతుంది. నాలుగు రోజుల్లో కాలికి అలవాటైపోయింది.

ఒక ఉదయం అక్క హడావిడిగా వచ్చింది. “మీ బావ రైలు దిగే వేళైందే. కారు తాళాలియ్యి, గంటలో తెచ్చేస్తా.”

ఆమె అప్పుడు జడ వేసుకుంటోంది. బ్రేకు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ఈ పూటకి తను ఆటోలో డ్యూటీకి పోవచ్చు గానీ, చెబితే అక్క బండి ముట్టుకోదు. ముట్టుకోకపోతే తనే స్టేషన్ దాకా వెళ్ళాలి. డ్యూటీకి ఆలస్యమైతే పై అధికారి నలుగురిలో చీవాట్లు పెడతాడు.

తాళాలిచ్చింది.

వంతెన దిగే వాలులో, గోడౌన్ గోడకి కొట్టుకుని కారు ఆగింది. దీపం పగిలింది, బానెట్ నొక్కుకుపోయింది, అంతే. కానీ స్టీరింగు అక్క గుండెల మీద బలంగా తగిలింది. బండి పాతది, నడిపినావిడకి చెయ్యి తిరగలేదు అని పోలీసులు రాసుకుంటే అందరూ ఊరుకున్నారు. ఆమె కూడా ఊరుకుంది. స్టేషన్లో పెట్టె పక్కన పెట్టుకుని రెండు గంటలు ఎదురుచూసిన బావ మాత్రం, ఇప్పుడు ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటున్నాడు.

ఇన్నాళ్ళకి భర్త వాదన ఒక కొలిక్కి వచ్చింది. బ్రేకులు బాగుచేయించి, ఆ కారిచ్చేసి వేరే కారు తెచ్చుకోవాలి. అందుకే ఒక మధ్యాహ్నం ఆమె మెకానిక్ షెడ్డుకి వచ్చింది. అక్కడ పనిచేసే ఇద్దరిలో రెండో మెకానిక్ ఆ రోజు సెలవు. రేకుల కప్పు కింద ఉక్కపోత, నూనె వాసన.

మెకానిక్ కొత్త సిలిండర్ బిగించాడు. “పైపుల్లో గాలి తీయాలమ్మా. నేను కింద నట్టు వదులు చేస్తుంటా. మీరు సీట్లో కూర్చుని, చెప్పినప్పుడు నొక్కండి” అని చక్రం పక్కన బండి కిందికి దూరాడు.

ఆమె తలుపు తీసింది గానీ ఆ సీట్లో కూర్చోలేకపోయింది. అంతలో ఫోన్ మోగింది. బావ. ఆమె బయట గేటు దాకా నడిచింది.

“ఒక్కమాట అడుగుతానమ్మా, ఏమీ అనుకోకు. ఆ బండికి ముందునుంచే ఏమైనా తేడా ఉండేదా?”

“లేదు బావా... బాగానే ఉండేది.”

బావ ఫోన్ పెట్టేశాడు. వెనక షెడ్డులో మెకానిక్ గొంతు వినిపిస్తోంది. “నొక్కండి... పట్టుకోండి... ఆ, వదలండి.” కాసేపాగి మళ్ళీ, “నొక్కండి...”

రెండో మెకానిక్ వచ్చాడేమో అనుకుంది.

ఆమె తిరిగొచ్చేసరికి మెకానిక్ చేతులు తుడుచుకుంటున్నాడు. “అయిపోయిందమ్మా. కానీ ఒకసారి నొక్కమంటే రెండేసిసార్లు నొక్కారేంటి? ప్రతిసారీ అంతే.”

“నేను... గేటు దగ్గరున్నాను.”

అతను నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

షెడ్డులో ఇంకెవరూ లేరు. ఆమె తెరిచి వదిలేసిన తలుపు... మూసి ఉంది. మెల్లగా దగ్గరికెళ్ళి అద్దంలోంచి చూసింది. సీటు ఖాళీ. కానీ పెడల్ కిందికి దిగి ఉంది. అలాగే... ఎవరో కాలితో అదిమిపట్టినట్టు.

“అక్కా...” అంది, పెదవులు కదిలీ కదలకుండా. “నీకు చెప్పాల్సింది. చెప్పలేదు. నా పనికి ఆలస్యమవుతుందని... చెప్పలేదే.”

పెడల్ పైకి లేచింది. మళ్ళీ దిగింది. లేచింది. దిగింది.

రెండుసార్లు.

మెకానిక్ చేతిలోని గుడ్డ జారి నేల మీద పడింది. “ఈ బండి నా దగ్గరొద్దు తల్లీ” అన్నాడు వెనక్కి అడుగులేస్తూ. “ఇంకొకరికి అమ్మనూ వద్దు.”

అక్కడి నుంచి ఆమె తిన్నగా ఆటోలో బావ ఇంటికి వెళ్ళింది. దారంతా చెప్పాల్సిన మాటలు కూడగట్టుకుంది. అప్పటికి సంధ్య చీకట్లు కమ్ముకుంటున్నాయి. బావ తలుపు తీశాడు, పక్కకి తప్పుకోలేదు. ఆమె గుమ్మంలోనే నిలబడి, మెకానిక్ చెప్పిన మాట, కిటుకు, జడ వేసుకుంటూ మింగేసిన మాట, ఫోన్లో ఆడిన అబద్ధం... అన్నీ చెప్పేసింది. తిడతాడనుకుంది. చెయ్యెత్తినా పడదామనుకుంది.

బావ అంతా విన్నాడు. ముఖంలో కోపం లేదు. ఆశ్చర్యం అంతకన్నా లేదు. నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళతో ఆమెకేసి కాసేపు చూసి, తల వెనక్కి తిప్పి, లైటు వెయ్యని గదికేసి మెల్లగా అన్నాడు.

“విన్నావుగా? చెప్పేసింది.”

లోపల, ఎవరో కుర్చీ వెనక్కి జరుపుకుని లేచిన చప్పుడైంది.