ఊరటపట్టీ

నువ్వుల నూనె గిన్నె పట్టుకుని నీలాచలం వస్తే, ఆ పూట గది తలుపు తెరుచుకోలేదు. మీ రాక వల్ల రోగికి ఊరట తగ్గుతోందనీ, దయచేసి అద్దం అవతల నుంచే చూసి వెళ్లమనీ ఒక మెత్తని గొంతు గోడలోంచి చెప్పింది. మొగుణ్ణి పెళ్లాం దగ్గరికి రావద్దనడానికి కూడా ఎంత మర్యాద నేర్చుకుందో ఆ గోడ!

భీమిలి తీరాన ఉన్న ఆ ఉపశమన కేంద్రంలో ప్రతి క్యాన్సర్ రోగి మణికట్టుకూ ఒక ఊరటపట్టీ ఉంటుంది. నాడి, ఊపిరి, చెమట చూసి, మనిషికి ఏది హాయినిస్తోందో, ఏది ఇవ్వడం లేదో అది క్షణక్షణం కనిపెడుతుంది. అల్లం నీళ్లు పడితే పెంచుతుంది. వీణ పడకపోతే ఆపేస్తుంది. నూనె మర్దన, ప్రాణాయామం, మూలికల ఆవిరి, అన్నీ దాని ఆజ్ఞ ప్రకారమే. రోగి హాయిగా ఉంటే పచ్చగా, లేకపోతే ఎర్రగా వెలుగుతుంది. ఇవి మందు కాదు, మందుకు తోడు అని గుమ్మం మీదే రాసిపెట్టారు. నిజం చెప్పాలంటే మంచి పనే. వెనకటి రోజుల్లో ఆ వాంతులూ నోటిపూతా ఓర్చుకోలేక సగంలో వైద్యం మానేసినవాళ్లు ఎంతమంది!

నీలాచలం భార్య హైమకు మెడ గ్రంథుల్లో క్యాన్సర్. ఇంకో రెండు విడతల ఇంజెక్షన్లు పడితే నయమైపోతుందని డాక్టర్ ముబీనా గట్టిగానే చెప్పింది. మొదటి విడతలకు హైమ ఇంటి నుంచే ఆసుపత్రికి వెళ్లి వచ్చేది. అప్పుడు నీలాచలం రోజూ ఆమె అరికాళ్లకు నూనె రాసేవాడు. ఆమె ఏడ్చేది, అతన్ని తిట్టేది, ఇంకెన్నాళ్లండీ అని అడిగేది, మళ్లీ తనే లేచి ఇంజెక్షన్‌కు తయారయ్యేది. ఈ కేంద్రానికి వచ్చాక తేలిందేమిటంటే, అతను గదిలో అడుగుపెడితే చాలు, పట్టీ ఎర్రబడుతోంది.

తాళి కట్టినవాడికి అంతకన్నా తలవంపులేముంటాయి? ఇన్నేళ్లూ నన్ను ఓర్చుకుందన్నమాట అనుకున్నాడు నీలాచలం. అలిగాడు. నెరిసిన తల పెట్టుకుని నిజంగానే అలిగాడు. అద్దం దగ్గరికి రావడం కూడా మానేశాడు. ఎందుకిలా అని హైమను ఒక్క మాట అడిగితే సరిపోయేది. యంత్రమే చెప్పాక ఇంకా అడిగేదేముందనుకున్నాడు మహానుభావుడు.

తర్వాతి విడత దగ్గరపడ్డాక ముబీనా కబురు పెట్టింది. హైమ ఇక ఇంజెక్షన్లు వద్దని చెప్పేసిందట. బాధపడి కాదు, నవ్వుతూనే. బాధలో ఉన్నవాళ్ల మాట చెల్లదు, పట్టీ పచ్చగా ఉన్నప్పుడు చెప్పిందే తెలివిలో చెప్పిన మాట అని చట్టం. హైమ పట్టీ అంత పచ్చగా ఆ కేంద్రంలో ఇంకెవరిదీ లేదు. కాదనడానికి డాక్టర్‌కు కూడా హక్కు లేదు. భర్త ఒక్కసారి లోపలికి వెళ్లి మాట్లాడవచ్చు, అంతే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

నీలాచలం వెళ్లాడు. హైమ కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. మొహం తేటగా ఉంది.

"ఎందుకండీ అవన్నీ? హాయిగానే ఉంది కదా," అంది, పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టు.

అతను మంచం చివర కూర్చుని ఆమె పాదం ఒళ్లో పెట్టుకున్నాడు. పట్టీ ఎర్రబడింది. హైమకు ఊపిరి ఎగిసింది, కళ్లు నిండాయి.

"మీ చెయ్యి తగిలితే నాకు పోవాలనిపించదండీ," అంది. "భయమేస్తుంది. మన ఇల్లు గుర్తొస్తుంది. మీరెందుకు రావడం మానేశారు? ఆ ఇంజెక్షన్లు వేయించండి. నాకు బతకాలనుంది."

గుమ్మంలో నిలబడ్డ ముబీనా ఆ మాట విన్నది. కానీ పట్టీ ఎర్రగా ఉంది, మాట చెల్లదు. అప్పటికే గదిలోకి మూలికల ఆవిరి వస్తోంది, వీణ మొదలైంది. ఇద్దరు పరిచారకులు నీలాచలాన్ని మర్యాదగా బయటికి నడిపించారు. పట్టీ పచ్చబడ్డాక ముబీనా మళ్లీ అడిగింది. హైమ సిగ్గుపడి నవ్వి, ఇందాక ఏదో కంగారులో అన్నాననీ పట్టించుకోవద్దనీ చెప్పింది. ముబీనా ఎంత బతిమాలినా అదే మాట.

వేసవి దాటకుండానే హైమ పోయింది. ఏ బాధా లేకుండా పోయిందని కేంద్రం వాళ్లు గొప్పగా చెప్పుకున్నారు. అందులో అబద్ధం లేదు, కడుపు మండేది అందుకే.

కర్మకాండ అయ్యాక ముబీనా ఇంటికి వచ్చింది. అయినవాళ్లను పోగొట్టుకున్నవారికి కేంద్రం ఇచ్చే ఊరటపట్టీ ఒకటి తెచ్చింది. కట్టుకుంటే నిద్ర పడుతుందని, గుండె బరువు దిగుతుందని తల వంచుకునే చెప్పింది. నీలాచలం దాన్ని ముట్టుకోలేదు.

"వద్దమ్మా," అన్నాడు. "బతకాలనుందని హైమ నాతో చెప్పింది. హాయిగా ఉండేసరికి ఆ మాట ఆమే మరిచిపోయింది. ఇది కట్టుకుంటే రేపు నేనూ మరిచిపోతాను."