లోలా చేతికి కాపలా

ఫిలిప్పీన్స్‌లోని మా ఇలోయిలోలో పిల్లనడగడానికి వెళ్ళినవాడు ముందు ఆ ఇంటి పెద్దావిడ చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకోవాలి. ఆ తర్వాతే ఏ మాటైనా. నేనూ బుద్ధిగా, అందరూ లోలా అని పిలిచే జెస్సెల్ వాళ్ళ అమ్మమ్మ ముందు వంగి చెయ్యి పట్టుకున్నాను.

మరుక్షణం నిమ్మమొక్క కుండీ పక్కన వెల్లకిలా పడి ఉన్నాను. ఛాతీ మీద దూడంత కుక్క, కులోగ్.

“దాని తప్పేం లేదు. మా ఆయన పోయినప్పటినుంచీ నా కుర్చీ వదలదు,” అంది పెద్దావిడ తీరిగ్గా.

“దణ్ణం పెట్టబోయాను, లోలా.”

“పెట్టలేదుగా. పెట్టిన రోజు మాట్లాడుకుందాం.”

గేటు దాకా వచ్చిన జెస్సెల్ నవ్వాపుకుంటోంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

“దాన్ని కట్టేయొచ్చుగా?”

“కట్టేస్తే ఇంకా రెచ్చిపోతుందన్నాడు కుక్కల డాక్టరు. నువ్వే అలవాటవ్వాలి, ఆర్నెల్. రోజూ రా. దాని కళ్ళలోకి చూడకు, మీదికి వంగకు.”

“నీ కళ్ళలోకి చూడొచ్చా?”

“ముందు కుక్క సంగతి చూడు.”

వానాకాలమంతా చూశాను. గొడుగేసుకుని గేటు బయట కూర్చుని, అది నోరు మూసుకున్నప్పుడల్లా ఉడికించిన కోడిముక్క విసిరేవాణ్ణి. తర్వాత గేటు లోపల, ఆ తర్వాత మెట్ల దగ్గర. ఈలోగా జెస్సెల్ కులోగ్‌కి “చాప” అనగానే వెళ్ళి చాప మీద కూర్చోవడం నేర్పింది. చేపలమ్మే ఆవిడ వచ్చినా ఇప్పుడు కిమ్మనదు. నేను ఆఖరి మెట్టెక్కితే మాత్రం గుర్రు.

“నా మొహంలోనే ఏదో ఉంది,” అన్నాను నీరసంగా.

“నీ మొహం కాదు, దీని చెయ్యి చూడు,” అంది లోలా.

జెస్సెల్ కుక్క తాడును పిడికిలి చుట్టూ బిగించి లాగి పట్టుకుంది.

“వీడు మెట్టెక్కగానే బిగుసుకుపోతావు. నువ్వే బెదిరితే కుక్కేమనుకుంటుందే?”

జెస్సెల్ తల దించుకుంది. “మళ్ళీ పడేస్తే ఇంక రాడేమోనని భయం, లోలా.”

“రాకుండా ఎక్కడికి పోతాను?” అన్నాను.

ఆమె పిడికిలి మెల్లగా వదులైంది.

“చాప,” అంది జెస్సెల్. కులోగ్ వెళ్ళి కూర్చుంది. చాప మీద ఇంకా సగం ఖాళీ ఉంది. వంగితేనే కదా తంటా అనిపించి, నేనూ వెళ్ళి దాని పక్కన చతికిలబడ్డాను. కులోగ్ నా చెవి వాసన చూసి ఆవలించింది.

లోలాయే కుర్చీలోంచి ముందుకు జరిగి, ముడతల చేతిని నా నుదుటికి ఆనించింది.

“దేవుడు చల్లగా చూడాలి. ఇప్పుడు చెప్పు, ఎందుకొచ్చావు?”

ఇన్నాళ్ళూ వల్లె వేసుకున్న మాటలన్నీ మర్చిపోయాను.

“నాకోసం, లోలా,” అంది జెస్సెల్. ఆమె చేతిలో తాడు వదులుగా వేలాడుతోంది.